కూడిక గుర్తున్న రాయి

పెళ్లయిన యాభైమూడో రోజున నేనొక గది మీద మనసు పారేసుకున్నాను. రోజులు లెక్కపెడుతున్నానని మా ఆయనకి తెలియదు. తెలిస్తే నవ్వుతాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. అది చూస్తే నాకిక ఏ పనీ తోచదు. అందుకే చెప్పలేదు.

ఆ గది అమ్మకానికి వచ్చిన ఒక చిన్న ఇంటి వెనకాల ఉంది. వెడల్పు ఆరడుగులు, పొడవు తొమ్మిది. ఇల్లు అమ్ముతున్న సంగీతం టీచరు అందులో విరిగిన కుర్చీలూ ఖాళీ డబ్బాలూ పడేసుకుంది. కానీ వెనక గోడకి ఒక కిటికీ ఉంది. రెక్క తోస్తే రెండడుగుల దూరంలో తీగ కంచె, కంచె అవతల ఎవరిదో పూలతోట. పొద్దుటి ఎండ ఆ పూలన్నిటినీ దాటుకుని వచ్చి, గది నేల మీద నాలుగు పలకలుగా పడి ఉంది. కాలేజీ లైబ్రరీలో రోజంతా ఊరందరి పుస్తకాలూ సర్దే నాకు, నావంటూ నాలుగు అరలూ ఒక బల్లా ఆ ఎండలో కనిపించేశాయి.

"ఇది స్టోరు రూమోయ్," అన్నాడు మా ఆయన.

"నీకు స్టోరు రూము. నాకు ఇదే ఇల్లు. మిగతాదంతా దీనికి వసారా."

నలుగురిలో ఉంటే 'మీరు', ఇద్దరమే ఉంటే 'నువ్వు'. అది మా ఒప్పందం. ఆ రోజు ఇద్దరమే ఉన్నాం. టీచరు మా చేతికి తాళం ఇచ్చి, "ఒక పూట ఊరికే కూర్చోండి. ఇల్లు మీతో మాట్లాడితే కొనండి. ఇంకొకరు కూడా అడుగుతున్నారు, వచ్చే ఆదివారం లోపల మాత్రం ఏదో ఒకటి చెప్పండి," అని వెళ్లిపోయింది.

ఊరికే కూర్చోమంటే కూర్చునే రకం కాదు నేను. గది ఊడ్చాను. కిటికీ ఊచలు తుడిచాను. తెచ్చుకున్న డబ్బాలోని అన్నం ఇద్దరం ఒకే చెంచాతో తిన్నాం. రెండో చెంచా ఉంది, నేను చెప్పలేదు. తర్వాత పెరడు చిమ్ముతుంటే కంచె మూల ఒక రాయి కనిపించింది. సగం భూమిలో ఉంది, ఊగుతున్న పన్నులా వదులుగా ఉంది. మట్టి దులిపితే దాని నెత్తి మీద ఉలితో చెక్కిన కూడిక గుర్తు.

"చూడు చూడు, నువ్వూ నేనూ!" అన్నాను.

మూడో అంతస్తు అద్దె ఇళ్లలో పుట్టి పెరిగినదాన్ని. మాకు హద్దంటే గోడ, గోడకి అవతల పక్కవాళ్ల టీవీ చప్పుడు. రాయి అంటే రాయే. టీచరుకి ఫోను చేసి, "పెరట్లో రాయొకటి ముద్దుగా ఉందండీ, తీసుకోనా?" అని అడిగాను. ఆవిడ పూలమడి చుట్టూ పేర్చిన రాళ్ల సంగతనుకుంది కాబోలు, "రాళ్లకేం కరువమ్మా, నాలుగు పట్టుకెళ్లు," అని నవ్వింది.

లాగితే ఊడివచ్చింది. మూరెడు పొడుగుంది. గుంటలో మట్టి పూడ్చి, పైన ఎండుటాకులు పరిచి, అంతా శుభ్రంగా చేశాను. మా ఆయన దాన్ని పసిపిల్లాడిలా రెండు చేతుల్లో ఎత్తుకుని పావుగంట దూరం నడిచాడు. మా అద్దె వాటాలో తలుపు గాలికి ఢామ్మని కొట్టుకుంటుంది. ఆ సాయంత్రం నుంచి దానికి అడ్డంగా ఆ రాయి నిలబడింది. గడప దాటిన ప్రతిసారీ మా ఇద్దరి కూడికని కాలి వేలితో పలకరించేదాన్ని.

ఇల్లు కొనాలని చెప్పగానే మా అత్తయ్య బుధవారం పొద్దున్నే దిగింది. ఆవిడ దర్జీ. మెడలో టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు లేరు. నిద్రలో కూడా ఉంటుందని మా ఆయన అంటాడు. ఇల్లంతా చూసి, గది చూసి, నా మొహం చూసి, "బావుంది. కాగితం ఏదీ?" అంది.

కాగితంలో స్థలం లోతు అరవై అడుగులని ఉంది. అత్తయ్య మెడలోంచి టేపు తీసింది. మోకాళ్ల మీద వంగి గేటు దగ్గర మొదలుపెట్టి, ఐదేసి అడుగులకి ఒక సుద్ద గీత గీస్తూ, ఇంటి పక్క సందులోంచి వెనక కంచె దాకా వెళ్లింది. వెళ్లి నడుం పట్టుకుని నిలబడింది.

"ఎంతొచ్చింది? అరవైమూడు కదూ!"

మాట అన్నది మేం కాదు. కంచె అవతల పూలమొక్కల్లోంచి ఒక బట్టతల లేచింది. వెనకింటి పెద్దాయన. మొక్కల్లోకి దూరే పిల్లుల్ని రోజంతా "హుష్, హుష్" అని తోలుతుంటాడు కనక ఆ వీధంతా ఆయన్ని హుష్ బాబాయి అంటారట.

"అరవైమూడే," అంది అత్తయ్య.

"ఆ టీచరమ్మకి పదేళ్లుగా చెప్తున్నా. మీ కంచె మూడడుగులు నాలోకి వచ్చిందీ అని. వింటేనా? పాట పాడుతూ లోపలికి పోతుంది."

కంచె మూడడుగులు ఇంటివైపు జరగాలంటే, గోడకీ కంచెకీ మధ్య ఉన్నవి రెండే అడుగులు. మూడో అడుగు నా గదిలోంచి పోవాలి. వెనక గోడ కూలుతుంది, కిటికీ కూలుతుంది. కిటికీ లేని ఐదడుగుల గదిని విరిగిన కుర్చీలకి వదిలెయ్యడమే మంచిది.

"ఇల్లు మానేద్దామా?" అన్నాడు మా ఆయన నెమ్మదిగా, నా వైపు చూడకుండా.

"మానడమేంట్రా?" అంది అత్తయ్య. "జాకెట్టు బిగుతైందని గుడ్డ పారేస్తామా? మళ్లీ కొలుస్తాం. నాది బట్టల టేపు. నేలకి నేల కొలిచేవాళ్లు ఉంటారు. మంచి సర్వేయర్ని చూడండి."

మంచి సర్వేయరంటే ఎవరో ఎలా తెలుస్తుంది? అటూ ఇటూ విచారించి ముందు ఇద్దరికి ఫోను చేశాం.

మొదటాయన ఏదో నములుతూ మాట్లాడాడు. "గేటు దగ్గర టేపు పెడతా. అరవై దగ్గర మేకు కొడతా. అరగంటలో అయిపోద్ది. రేపొద్దున రానా?" మా ఆయనకి ఆయన నచ్చాడు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి కదా, పని చకచకా అయిపోవాలంటాడు. నాకు మాత్రం ఆ మేకు సరాసరి నా బల్ల కింద దిగుతున్నట్టు అనిపించింది.

రెండో ఆయన గొంతు వెన్నలా ఉంది. "మీరు కొనేవాళ్లా, అమ్మేవాళ్లా?" అని అడిగాడు. కొనేవాళ్లమని చెప్పి, గది సంగతి కూడా చెప్పేశాను. "గది ఎక్కడికీ పోదు తల్లీ. గది ఉండేలా నేను కొలుస్తాగా," అన్నాడు. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ మాట! ఫోను పెట్టి, "ఈయనే, ఈయనే," అని గంతులేశాను.

అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ నా గంతులు ఆగేదాకా ఊరుకుంది.

"చూడమ్మాయ్. చుట్టుకొలత తియ్యకముందే 'మీరు సన్నంగా ఉన్నారండీ' అనే దర్జీ దగ్గర నువ్వు బట్టలు కుట్టించుకుంటావా?"

కుట్టించుకుంటాననే అనిపించింది, కానీ పైకి అనలేదు.

"నా దగ్గరికి ఒకావిడ వస్తుంది," అంది అత్తయ్య. "సర్వేయరే. కోటుకి ఎనిమిది జేబులు కుట్టించుకుంది. ఏ జేబులో ఏం పెట్టుకుంటుందో వస్తువులన్నీ పట్టుకొచ్చి చూపించింది. కుట్టిచ్చాక మళ్లీ వచ్చింది. ఆరో జేబు అర వేలెడు తక్కువైందట, నిలువు చూసే తూకపు గుండు పట్టలేదట. నాకు ఒళ్లు మండింది. కొలిచి చూశాను. అర వేలెడు తక్కువే! ముప్పై ఏళ్ల నా పనిలో తప్పు పట్టిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడకి చెయ్యి."

చేశాను. ఆవిడ వెన్న పూయలేదు. మూడే ప్రశ్నలు అడిగింది. కాగితం అసలుదేనా? వెనకింటివాళ్లకి చెప్పారా? ఫలితం మీకు నచ్చకపోతే వింటారా?

"గది ఉంటుందా అండీ?" అన్నాను.

"చూడకుండా నాకెలా తెలుస్తుంది?" అంది.

ఆ జవాబుకి నాకు ఏడుపొచ్చింది, అత్తయ్యకి మాత్రం నవ్వొచ్చింది. శనివారం పొద్దున రమ్మన్నాం.

జేబులు నిజంగా ఎనిమిదే. ఆవిడ గేటు ముందు దిగగానే లెక్కపెట్టాను. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మగవాళ్ల బూట్లు. వెంట ఒక పొడవాటి పెద్దాయన. ఆయన భుజాన కర్ర, కర్ర చివర బిగించిన చిన్న అద్దం.

"మీ అసిస్టెంటాండీ?" అని మెల్లగా అడిగాను.

"మొగుడు," అంది ఆవిడ, మూడుకాళ్ల స్టాండు విప్పుతూ. "పెళ్లయిన కొత్తలో మనిషి దొరక్కపోతే, ఒక్కరోజుకి కర్ర పట్టుకుంటానని వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లయింది. ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదు."

"మేడమ్ గారు ఇంకా రిలీజ్ ఆర్డరు ఇవ్వలేదమ్మా," అన్నాడాయన.

నాకు ఆ ఇద్దరూ అక్కడికక్కడే తెగ నచ్చేశారు.

మేమంతా గేటు దగ్గర నిలబడి ఉంటే, ఆవిడ మా గేటుని చూడనైనా చూడకుండా స్టాండు ఎత్తుకుని వీధి చివరికి నడిచింది. హుష్ బాబాయి కూడా వచ్చాడు, తన కాగితాలు చంకలో పెట్టుకుని.

"ఇల్లిక్కడుంటే ఆవిడ అక్కడికెందుకు పోతోంది?" అన్నాడు.

"వీధి మలుపులో పాత సర్వే రాయొకటి ఉంది," అన్నాడు కర్ర పెద్దాయన. "గేటుని నమ్మి మొదలెడితే గేటు చెప్పిందే వినాలి. గేటు పెట్టినవాడు మేస్త్రీ. వాడికి ఆ రోజు ఎక్కడ తోస్తే అక్కడ పెట్టుంటాడు."

ఆవిడ అక్కడ స్టాండు మీద బిగించిన కొలత యంత్రంలోకి కన్ను పెట్టింది. ఆయన ఇక్కడ కర్ర పట్టుకున్నాడు. మధ్యలో వీధంత దూరం, ఇద్దరి మధ్యా ఒక్క అరుపు లేదు. ఆవిడ కుడి అరచెయ్యి ఊపితే ఆయన కుడికి జరిగాడు. ఎడమ చెయ్యి వేళ్లు మాత్రం కదిపితే ఎడమకి ఇసుమంత. పిడికిలి ఎత్తితే అక్కడే రాయిలా నిలబడ్డాడు. రెండు చేతులూ తలపైన కలిపితే ఆ చోటు పని అయిపోయినట్టు. మధ్యలో ఒకసారి ఆవిడ చెవి పట్టుకుని లాగింది.

"అదేం గుర్తండీ?" అన్నాను.

"అది కొలతలది కాదమ్మా. ఎండెక్కింది, టోపీ పెట్టుకోమని," అంటూ ఆయన జేబులోంచి టోపీ తీశాడు.

మా ఆయన కోసం చూశాను, ఈ ముచ్చట పంచుకుందామని. కంచె దగ్గర టేపు రెండో కొస పట్టుకోమని ఆవిడ ముందే ఆయన్ని పెరట్లోకి పంపేసింది. నేనొక్కదాన్నే చెవి పట్టుకుని చూసుకున్నాను.

పిడికిలి లేచిన చోట కర్ర పెద్దాయన గుర్తు పెట్టాడు. గేటు దగ్గర కాదు. గేటుకి సరిగ్గా మూడడుగులు లోపల, టీచరు పూలమడి మధ్యలో. ఆవిడ వచ్చి గునపం దించింది. రెండు జానల లోతులో ఠంగుమంది. మట్టి తీసింది, చేత్తో తుడిచింది. "ఇదిగో మొదటి హద్దురాయి," అంది.

దాని నెత్తి మీద కూడిక గుర్తు.

గుమ్మడికాయల దొంగ అనకుండానే నా చేతులు భుజాలు తడుముకున్నాయి. అదే గుర్తు, అదే ఉలిపని. మా అద్దె వాటాలో తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నది దీని తోబుట్టువు.

"ఇది ఇక్కడుంది కాబట్టి," అంటోంది ఆవిడ, "ఇక్కణ్ణించి అరవై అడుగులు వెనక్కి లెక్క. గేటు రోడ్డులోకి పెట్టారు. మీ ఎక్కువ మూడడుగులు ముందున్నాయి, వెనక కాదు. గది గదిలాగే ఉండాలి. వెనక మూల రాయి కూడా చూశామంటే ఇక తిరుగులేదు. అది ఉంది కదా?"

"ఉందండీ, కంచె మూల," అన్నాడు హుష్ బాబాయి. "కానీ దాన్ని నేను ఒప్పుకోను. అది అసలు రాయి కాదు. నన్ను మోసం చెయ్యడానికి తర్వాతెవరో పాతిన దొంగరాయి. ఇన్నేళ్లుగా నా కాలి బొటనవేలికి అదే శత్రువు."

అందరూ వెనక్కి నడిచారు. నేను వాళ్ల వెనక, తేలు కుట్టిన దొంగలా.

మూలలో ఎండుటాకులు. రాయి లేదు.

ఆ తర్వాత కందిరీగల తుట్టె కదిలింది. రాయేదంటే రాయేదన్నారు. మా ఆయన హుష్ బాబాయి వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత గట్టిగా, "దొంగరాయని మీరే అంటున్నారు కదండీ. అది లేకపోతే మీకే లాభం కదా," అనేశాడు.

"ఏమయ్యా, నేను పీకానంటావా?"

"నేననలేదు. లాభం ఎవరికో చెప్పానంతే."

"అంటే అన్నట్టే! అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఒకరి గడ్డిపోచ ముట్టినవాణ్ణి కాను. ఇదిగో సర్వేయరమ్మా, నువ్వేం తేల్చినా సరే, నేను సంతకం పెట్టను. ఈ ఇల్లు ఎవరు కొంటారో నేనూ చూస్తా."

వెనకింటాయన సంతకం లేకుండా కొలతకి విలువ లేదు. రేపే ఆదివారం. నోరు మూసుకుంటే ఒక పెద్దాయన దొంగవుతాడు, తెరిస్తే నేనవుతాను. ఏది చేసినా గది పోయేలాగే ఉంది. కిటికీలోంచి చూస్తే గది నేల మీద ఎండ నాలుగు పలకలుగా పడి, ఏమీ ఎరగనట్టు ఉంది. ఆ గదిలో కూర్చుని ప్రతి పొద్దునా ఈ పెద్దాయన తోటని చూడాలి కదా, ఏ మొహం పెట్టుకుని చూస్తాను అనిపించింది.

"రాయి నేను తీశాను," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను, ఈసారి లైబ్రరీలో 'సైలెన్స్' అనే గొంతుతో. "రాయి తీసింది నేనండీ! పోయిన ఆదివారం. కూడిక గుర్తు ముద్దుగా ఉందని."

ఒక పిల్లి కంచె కింద నుంచి దర్జాగా నడిచి హుష్ బాబాయి మొక్కల్లోకి దూరింది. ఆయన హుష్ అనడం మరిచిపోయాడు.

మా ఆయన మొహం ఒక్కో రంగే మారుతోంది. ఆ రాయిని పావుగంట మోసింది తనే అని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"ఇప్పుడెక్కడుంది?" అంది సర్వేయరు.

"మా ఇంట్లోనండీ. తలుపుకి అడ్డంగా."

"క్షేమమేనా?" అన్నాడు కర్ర పెద్దాయన.

ముందు హుష్ బాబాయికే నవ్వొచ్చింది. ఎక్కడో పొట్ట అడుగున మొదలై పైకొచ్చింది. కంచె పట్టుకుని ఊగిపోతూ, "తలుపుకి అడ్డమా! ఇరవై ఏళ్లు నా వేలికి అడ్డంపడి, ఇప్పుడు మీ తలుపుకి పడిందా!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. మా ఆయన ఆయన ముందుకెళ్లి చేతులు జోడించి, "బాబాయిగారూ, తప్పు మాట అన్నాను," అన్నాడు. "పోనీలేవయ్యా, పెళ్లాం మీద అనుమానం రాకపోవడం కొత్తకాపురం లక్షణం. నా సైకిలు తీసుకుని పో. రాయిని మర్యాదగా కూర్చోబెట్టుకుని రా," అన్నాడాయన.

సర్వేయరు మాత్రం నవ్వలేదు. "హద్దురాయి పెరకడం ఆట కాదమ్మాయ్. రెండిళ్ల మధ్య మాట అది. ఇంకోసారి ముట్టుకోకు," అంది. నేను తల దించుకున్నాను. చదువుకున్నదాన్నన్న పేరే గానీ, నేల దగ్గర నేను ఒకటో తరగతి అని తెలిసింది.

"గుంట ఎక్కడో చూపిస్తానండీ," అన్నాను, కనీసం అదైనా చేద్దామని.

"వద్దు!" అంది ఆవిడ. "అటు చూడను కూడా చూడకు. నువ్వు చూపిస్తే నేను నమ్మాలి. నమ్మడం నా పని కాదు. ఈయన రాయిని దొంగరాయి అంటున్నారు. నిజంగా ఎక్కడుండాలో లెక్కే చెప్పాలి. పాతకాలం సర్వేయర్లు రాయి పాతేముందు గుంట అడుగున బొగ్గు పోసేవాళ్లు. రాయిని పీకొచ్చు, జరపొచ్చు. బొగ్గు కుళ్లదు, ఎవరికీ పనికిరాదు, అందుకని ఎవరూ ఎత్తుకుపోరు. ముందు రాయి కింద కూడా ఉంటుంది, రండి చూపిస్తా."

ఉంది. నల్లటి బొగ్గు ముక్కలు, నిన్ననే పోసినట్టు. హుష్ బాబాయి వంగి ఒక ముక్క వేళ్లతో నలిపి చూసుకున్నాడు.

ఇక వెనక మూల. ఆవిడ సందు చివర యంత్రం దగ్గర, ఆయన కంచె దగ్గర కర్రతో. నేను ఆకులవైపు చూడకూడదని కళ్లు మూసుకున్నాను. చూడకుండా ఉండలేక సగం తెరిచాను. కర్ర గుంటకి బారెడు దూరంలో ఉంది. అరచెయ్యి కుడికి. కర్ర జరిగింది. ఇంకా కుడికి. ఇప్పుడు వెనక్కి. అయ్యో, దాటిపోతోంది! వేళ్లు ఎడమకి కదిలాయి, ఇసుమంత. మళ్లీ ఇసుమంత.

పిడికిలి.

కర్ర మొన నేను పరిచిన ఎండుటాకుల మధ్యలో దిగింది. నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. మాటయితే కాదు.

తవ్వితే మెత్తటి మట్టి, మట్టి కింద బొగ్గు. ఆవిడ ఈ రాయి చోటు నుంచి ఆ రాయి దాకా తన ఇనుప టేపు కూడా పరిచింది, ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి. రెండుసార్లూ అరవయ్యే. వేలి మందం తేడా ఉందంటే, ఆ తేడా కూడా పుస్తకంలో రాసుకుంది.

"అయితే ఇన్నేళ్లూ నేనే తప్పు," అన్నాడు హుష్ బాబాయి. కాసేపు బొగ్గు వైపు చూశాడు. "నేనూ గేటు దగ్గర్నుంచే కొలిచా. పాపం టీచరమ్మ. పాట పాడుతూ పోయిందంటే పోదూ మరి!"

"మీ స్థలం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు," అంది సర్వేయరు. తర్వాత మా వైపు తిరిగింది. "మీకు నచ్చని మాట ఒకటుంది. ముందు మూడడుగులు రోడ్డువి. గేటూ, సగం పూలమడీ మీవి కావు. ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి జరపాలి. పటంలో అలాగే రాస్తాను."

అప్పుడే సైకిలు నడిపించుకుంటూ వచ్చిన మా ఆయన, "రాయండి, రాయండి. పూలు చూడాలంటే మాకు వెనక కిటికీ ఉందిగా," అన్నాడు. రాయిని సైకిలు సీటు మీద నా ఎర్ర దుప్పట్లో చుట్టి కూర్చోబెట్టి, తను పక్కన నడుచుకుంటూ తీసుకొచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు దుప్పటి తొలగించి చూడబోయారట.

గుంటలో కూడిక గుర్తు పైకి ఉండేలా దించారు. ఒక పక్క మా ఆయన, ఒక పక్క హుష్ బాబాయి పట్టుకున్నారు. సర్వేయరు పొట్టి మనిషి కదా, నేల మీద పడుకున్నంత పని చేసి తూకపు గుండు వేలాడదీసి నిలువు చూసింది. ఆరో జేబులోంచి తీసింది ఆ గుండు. జేబు ఇప్పుడు సరిగ్గా సరిపోతోంది. కుట్టుపని వదలలేక రాని అత్తయ్యకి సాయంత్రం చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

హుష్ బాబాయి పటం మీద సంతకం పెడుతూ నా వైపు చూశాడు. "ఏమ్మా రాళ్ల కోడలా, ఇంకేమైనా పెరకాలని ఉందా? నా గులాబీలు జాగ్రత్తగా వేళ్లూనుకుని ఉన్నాయిలే."

ఆ పేరు స్థిరపడిపోయింది. ఇల్లు మాదై పందొమ్మిది రోజులైంది (ఇవి వేరే లెక్క), రోజూ పొద్దున కంచె అవతల నుంచి "రాళ్ల కోడలా, లేచావా?" అని పిలుపు. లేచి ముందు మూలకి వెళ్లి రాయిని చూసి వస్తాను. ముట్టుకోను.

గదిలో బల్ల వేసుకున్న రోజు సంగతి చెప్పి ఆపుతాను. బల్ల ఎక్కడ పెడితే ఎండ పలక సరిగ్గా పుస్తకం మీద పడుతుందో చూడాలి. నేను గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన గది లోపల బల్ల అంచు పట్టుకున్నాడు. సర్వేయరు దంపతుల గుర్తులన్నీ ఆయనకి ముందే చేసి చూపించాను కనక, నోరు విప్పకుండా కుడి అరచెయ్యి ఊపాను. ఆయన నా వైపు చూశాడు, అర్థమైంది, బల్ల కుడికి జరిపాడు. ఇంకొంచెం. ఎడమ వేళ్లు కదిపాను, ఇసుమంత. పిడికిలి ఎత్తాను. ఎండ బల్ల మీద నిండుగా పడింది.

ఆయన రెండు చేతులూ తలపైన కలిపాడు. తర్వాత చెవి పట్టుకుని లాగాడు.

"గదిలో టోపీ ఎందుకోయ్?" అన్నాను.

"మనకింకా ఆ గుర్తుకి అర్థం పెట్టుకోలేదుగా," అన్నాడు. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. "రా, పెట్టుకుందాం."